గ్రాము నీళ్లతో నడిచే రాగి గొట్టం

మా తమ్ముడి కూతురు ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్ట్ పని మధ్యలో తన ల్యాప్‌టాప్ పెనంలా కాగడం, ఫ్యాన్ హోరెత్తడం, కాసేపటికి దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. రిపేర్ షాపుకు తీసుకెళ్తే వెనక మూత విప్పి, చిప్ మీది నుంచి ఫ్యాన్ దాకా వంపు తిరిగిన రాగి గొట్టాన్ని చూపించి, "ఇందులో గ్యాస్ అయిపోయిందమ్మా, సెట్టు మొత్తం మార్చాలి" అన్నారట. టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. "పెదనాన్నా, ఫ్రిజ్‌లో నింపినట్టు ఇందులో గ్యాస్ నింపరా?"

కూలింగ్ పరికరాల సర్వీసులో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. రాగి గొట్టం కనబడితే మనకు ఏసీ గుర్తొస్తుంది, ఏసీ అనగానే గ్యాస్ గుర్తొస్తుంది. కొందరు అది గట్టి రాగి కడ్డీ అనుకుంటారు. ఇంకొందరు అందులో నీళ్లు పంపు పెట్టినట్టు గిరగిరా తిరుగుతాయనుకుంటారు. మూడూ తప్పే. ఆ గొట్టం పేరు హీట్ పైప్. అందులో మోటారు లేదు, కరెంటు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. అయినా అది చేసే పని గట్టి రాగి వల్ల కూడా కాదు.

లోపల ఏముందో చూడాలంటే కోయడమే మార్గం. పారేయాల్సిన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ చిప్ మీద బిగించే కూలర్ నుంచి 6 మి.మీ. గొట్టం ఒకటి ఊడదీసి, హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోశాను. బ్లేడు గోడను దాటగానే "స్స్" మని సన్నటి చప్పుడు. లోపలి గ్యాస్ బయటికి వచ్చిన చప్పుడు కాదది, బయటి గాలి లోపలికి దూరిన చప్పుడు. ఎందుకంటే లోపల గాలి ఉండదు, తయారు చేసేటప్పుడే లాగేస్తారు. రెండు ముక్కలయ్యాక చూస్తే గోడ చాలా పల్చన. దాని లోపలి వైపు చుట్టూ ఉప్పుకాగితం అంటించినట్టు ఎర్రటి గరుకు పొర. అది సన్నటి రాగి పొడి. నడుమ అంతా బోలు. అరచేతిలో తట్టి చూశాను, చుక్క కూడా రాలలేదు. టిష్యూ కాగితం అద్ది చూస్తే మాత్రం తడి అంటింది.

ఆ తడే అసలు సరుకు. ఇంత గొట్టంలో ఉండేది ఒక గ్రాముకు అటూ ఇటూ శుద్ధమైన నీరు. టీ స్పూనులో ఐదో వంతు అనుకోండి.

రాగి మంచి ఉష్ణవాహకమే కదా, గట్టి కడ్డీయే పెడితే సరిపోదా అని అడగొచ్చు. లెక్క వేసి చూద్దాం. 6 మి.మీ. మందం, 15 సెం.మీ. పొడవు ఉన్న గట్టి రాగి కడ్డీ ఒక కొస నుంచి ఇంకో కొసకు 40 వాట్ల వేడిని మోయాలి. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు. లెక్క కడితే రెండు కొసల మధ్య 530 డిగ్రీల తేడా ఉంటేనే అంత వేడి పారుతుందని తేలుతుంది. అంటే చిప్ ఎప్పుడో మాడిపోవాలి. ఆ తేడాను 5 డిగ్రీలకు తగ్గించాలంటే కడ్డీ 6 సెం.మీ. పైగా లావుండాలి. దాని బరువు 4 కిలోలు. పదిహేను ఇరవై గ్రాముల హీట్ పైప్ అదే 40 వాట్లను కొద్ది డిగ్రీల తేడాతోనే అవతలికి చేరవేస్తుంది. రాగి ఇక్కడ గిన్నె మాత్రమే. మోసేది నీరు.

నీరు ఎలా మోస్తుందో వంటింట్లో మనందరికీ తెలుసు. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చేతికి తగిలే ఆవిరి అంతే వేడి ఉన్న నీళ్ల కంటే ఎక్కువ కాలుస్తుంది. రెండూ 100 డిగ్రీలే అయినా, ఆవిరి మన చర్మం మీద మళ్లీ నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. బళ్లో దీన్నే గుప్తోష్ణం అని చదువుకున్నాం. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్లు చాలు. అదే గ్రాము నీటిని 50 డిగ్రీల దగ్గర ఆవిరి చేయాలంటే దాదాపు 2,400 జౌళ్లు కావాలి. ఆ వేడినంతా మూట కట్టుకుని ఆవిరి గొట్టంలో అవతలి కొసకు పోతుంది. అక్కడ ఫ్యాన్ గాలి తగిలే రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది, మూట విప్పేస్తుంది.

ఇక్కడ నాకు ఎప్పటికీ పాతబడని లెక్క ఒకటుంది. 40 వాట్లంటే నిమిషానికి 2,400 జౌళ్లు. అంటే నిమిషానికి సరిగ్గా గ్రాము నీరు ఆవిరి కావాలి. గొట్టంలో ఉన్నదే అంత. మీరు ల్యాప్‌టాప్‌లో వీడియో ఎడిట్ చేస్తున్నంతసేపూ ఆ గొట్టంలోని నీరంతా నిమిషానికోసారి ఆవిరై, అవతలికి వెళ్లి, నీరై, వెనక్కి వస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి, అదే గ్రాము.

"చిప్ 60 డిగ్రీలే ఉంటే నీళ్లెలా మరుగుతాయి?" అని ఇక్కడ చాలామంది ఆగిపోతారు. 100 డిగ్రీలన్నది మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో మాట. కుక్కర్‌లో ఒత్తిడి పెంచుతాం కాబట్టి అక్కడ నీరు 120 డిగ్రీల దాకా మరగదు, పప్పు తొందరగా ఉడుకుతుంది. హీట్ పైప్ కుక్కర్‌కు తిరగేసిన కథ. గాలి మొత్తం లాగేసి సీలు వేశారు కాబట్టి లోపల ఉన్నవి నీరు, నీటి ఆవిరి, అంతే. 60 డిగ్రీల దగ్గర లోపలి పీడనం బయటి గాలిలో ఐదో వంతు. 30 డిగ్రీల దగ్గర పాతికో వంతు. ఏ వేడి దగ్గరైనా నీరు ఆవిరయ్యే అంచు మీదే ఉంటుంది. ఒక కొస కాస్త వేడెక్కిందంటే చాలు, అక్కడ ఆవిరి పీడనం పెరుగుతుంది, ఆవిరి చల్లటి కొస వైపు పరుగెత్తుతుంది.

వెళ్లిన ఆవిరి సంగతి సరే. అవతల నీరయ్యాక వెనక్కి రావడమెలా? ల్యాప్‌టాప్‌ను పక్కకు తిప్పి పట్టుకుంటాం, ఒళ్లో ఏటవాలుగా పెట్టుకుంటాం. నీరు పల్లమెరుగు అంటారు. చిప్ వైపే ఎత్తుగా ఉంటే నీరు అవతలే ఉండిపోవాలి కదా.

దీనికి జవాబు దేవుడి గూట్లో ఉంది. ప్రమిదలో నూనె కింద ఉంటుంది, మంట వత్తి కొస మీద ఉంటుంది. నూనెను పైకి ఎవరూ తోడడం లేదు. దూది పోగుల మధ్య సందుల్లోకి అది తనంతట తాను ఎక్కుతుంది. కొస దగ్గర కాలిపోయిన కొద్దీ కింది నుంచి కొత్త నూనె వస్తుంది. నేను కోసిన గొట్టంలోని ఎర్రటి గరుకు పొర అచ్చం ఇలాంటి వత్తే. రాగి రేణువుల మధ్య సందుల్లో నీరు పాకుతుంది. వేడి కొస దగ్గర ఎండిన కొద్దీ చల్లటి కొస నుంచి నీరు లాక్కుంటుంది. ఇంజనీర్లు కేశనాళికా చర్య అంటారు. వత్తి అంటే మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ వత్తి తయారీయే హీట్ పైప్‌లో అసలు పనితనం. రాగి గొట్టం నడుమ ఉక్కు కడ్డీ నిలబెట్టి, చుట్టూ సందులో రాగి పొడి పోస్తారు. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర. అంతకన్నా తక్కువ వేడి ఉన్న కొలిమిలో పెడితే రేణువులు కరగకుండానే ఒకదానికొకటి, గోడకూ అతుక్కుపోతాయి. దీన్ని సింటరింగ్ అంటారు. తర్వాత కడ్డీ బయటికి లాగి, కొలిచిన నీరు పోసి, గాలి తీసేసి, కొస నొక్కి వెల్డ్ చేస్తారు. ఏ కూలర్‌లోనైనా గొట్టం చివర ముక్కులాంటి చిన్న మొన కనిపిస్తుందే, అది ఆ సీలే. దాన్ని ఎవరైనా పట్టకారుతో నలిపితే గొట్టం పని అయిపోయినట్టే. గాలి లోపలికి దూరిందంటే షాపులో మళ్లీ నింపే వీలు లేదు.

రేణువుల మధ్య సందు ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. సందు వ్యాసార్థం 50 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్క ప్రకారం 28 సెం.మీ. దాకా లాగగలదు. కానీ సందు సన్నబడిన కొద్దీ నీటి నడక కష్టమవుతుంది, నిమిషానికి గ్రాము రావాల్సింది అరగ్రామే వస్తుంది. ఎత్తు కావాలా, ప్రవాహం కావాలా అన్న బేరం ప్రతి తయారీదారుకూ ఉంటుంది. పొడికి బదులు గోడ మీద పొడవునా సన్నటి గాడులు గీసిన గొట్టాలు చవక. వేడి కొస కింద, చల్లటి కొస పైన ఉన్నంతవరకు అవి బాగా పనిచేస్తాయి. తలకిందులు చేస్తే చేతులెత్తేస్తాయి. కూలర్ కొనేటప్పుడు బాక్స్ మీద ఎన్ని గొట్టాలున్నాయో చూస్తాం గానీ, లోపలి వత్తి ఏ రకమో చూడం. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే.

ఈ వత్తి ఆలోచన మొదట ఒక ఫ్రిజ్ ఇంజనీరుకే తట్టింది. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్ 1942లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1944లో వచ్చింది. కంపెనీ దాన్ని వాడలేదు. 1963లో న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అంతరిక్షంలో వాడే అణు విద్యుత్ యంత్రాల కోసం వెతుకుతూ స్వతంత్రంగా అదే ఆలోచనకు వచ్చాడు. హీట్ పైప్ అన్న పేరు పెట్టింది ఆయనే. మొదట నీటితో, తర్వాత కరిగిన సోడియంతో చేసి చూపించాడు. 1968లో ఎగిరిన జియోస్-2 ఉపగ్రహంలో, సంకేతాలు అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్ల మధ్య వేడి తేడాను తగ్గించడానికి హీట్ పైపులు వాడారు. ఇంట్లోని కంప్యూటర్‌కు రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1990లలో ల్యాప్‌టాప్ చిప్పులు గట్టిగా కాగడం మొదలయ్యాకే దీని అవసరం పడింది.

రాగీ నీరే ఎందుకు జంటయ్యాయన్నది కూడా తెలుసుకోవాలి. చవక కదా అని అల్యూమినియం గొట్టంలో నీరు పోశారనుకోండి, రెండూ రసాయన చర్య జరిపి హైడ్రోజన్ పుడుతుంది. అది నీరుగా మారని వాయువు. ఆవిరి దాన్ని చల్లటి కొసకు నెట్టుకుపోయి అక్కడ మూటలా పోగుచేస్తుంది. ఆ మేరకు గొట్టం పనికిరాకుండా పోతుంది. రాగికీ నీటికీ ఆ పేచీ లేదు. అందుకే మంచి హీట్ పైప్ అరగదు. లోపల తరిగిపోయేదేమీ లేదు. దాన్ని చంపేవి సీలు కారడం, ఎవరో వంచినప్పుడు గోడ నొక్కుకుపోయి వత్తి విరగడం. వంపు గుండ్రంగా, గొట్టం మందానికి కనీసం మూడింతల వ్యాసార్థంతో ఉండాలి. చేత్తో ఎలా పడితే అలా వంచకూడదు.

దీని ఓపికకూ హద్దుంది. వేడి మరీ ఎక్కువైతే వత్తి తెచ్చే నీటికన్నా ఆవిరయ్యే నీరు మించిపోతుంది. వేడి కొస ఎండిపోతుంది. ప్రమిదలో నూనె అందక వత్తే కాలుతుంది చూడండి, అలా. అప్పుడు చిప్ వేడి మెల్లగా కాదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది. లోడు తగ్గగానే నీరు మళ్లీ చేరి గొట్టం కోలుకుంటుంది. ల్యాప్‌టాప్ పల్చగా రావాలని గొట్టాన్ని రోకలితో దంచినట్టు బల్లపరుపుగా నొక్కేస్తారు. ఆవిరి పోయే దారి ఇరుకవుతుంది, మోయగలిగే వేడి తగ్గుతుంది. పల్చటి ల్యాప్‌టాప్ అదే చిప్‌తో లావుపాటి దానికన్నా నెమ్మదిగా నడవడానికి ఇదో ముఖ్య కారణం. అమ్మేవాళ్లు దీన్ని కొనేవాళ్లకు చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను. గొట్టాల సంఖ్య సంగతీ అంతే. ఆరు గొట్టాలున్న కూలర్‌లో చిప్ మీదకు వచ్చేవి నాలుగే అయితే, పక్కనున్న రెండూ చేసే పని చాలా తక్కువ.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఇది: హీట్ పైప్ దేన్నీ చల్లబరచదు. వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తుంది, అంతే. మే నెలలో గది 40 డిగ్రీలుంటే చిప్ 40 కన్నా కిందికి రాదు. ఏసీలో కంప్రెసర్ కరెంటు తిని వేడిని చల్లటి చోటు నుంచి వేడి చోటికి ఎదురెక్కిస్తుంది. హీట్ పైప్‌లో వేడి ఎప్పుడూ పల్లానికే పారుతుంది. దారి మాత్రం నున్నగా ఉంటుంది.

ఈ ఒక్క సూత్రం ఎన్ని చోట్ల ఉందో చూస్తే ముచ్చటేస్తుంది. ఇప్పటి ఫోన్లలో ఉండే వేపర్ చాంబర్ అంటే గొట్టం కాకుండా పల్చటి పెట్టెలా చేసిన హీట్ పైప్. వేడిని ఒక కొసకు కాకుండా నాలుగు వైపులా పరుస్తుంది. కొన్ని ఎలక్ట్రిక్ రైళ్ల ఇన్వర్టర్లలో ఇవే ఉంటాయి. డాబా మీది సోలార్ వాటర్ హీటర్లలో ఒక రకానికి ప్రతి గాజు గొట్టంలోనూ రాగి హీట్ పైప్ ఉంటుంది. దాని పైకొస బల్బులా ఉబ్బి ట్యాంకు దగ్గర దూరి ఉంటుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఇది నయం. నీళ్లు గాజు గొట్టంలోకి రావు కాబట్టి అందులో తెల్లటి గార కట్టదు, ఒక గాజు పగిలినా ట్యాంకు ఖాళీ కాదు. కాకపోతే ఏటవాలు తప్పనిసరి, బల్బు వైపే పైన ఉండాలి.

విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లకు ఇంకో ఉపయోగముంది. ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో తేమ తీయాలంటే ఏసీ గాలిని బాగా చల్లబరచాలి. అంత చల్లగాలిని అలాగే వదల్లేరు, మళ్లీ హీటరుతో కాస్త వెచ్చబరుస్తారు. చల్లబరచడానికో కరెంటు, వెచ్చబరచడానికో కరెంటు. కూలింగ్ కాయిల్‌కు ముందొక వరస, వెనకొక వరస వచ్చేలా హీట్ పైపులు చుడితే, లోపలికి వచ్చే వేడిగాలి నుంచి వేడి తీసుకుని కాయిల్ దాటి వచ్చే చల్లగాలికి ఇచ్చేస్తాయి. రెండు ఖర్చులూ ఒకేసారి తగ్గుతాయి. ఇక్కడ మాత్రం గొట్టాల్లో సాధారణంగా నీటికి బదులు ఏసీలో వాడే రిఫ్రిజరెంటే ఉంటుంది.

నాకు అన్నింటిలోకీ ఇష్టమైనది అలాస్కా చమురు పైపులైను. అక్కడ చాలాచోట్ల నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. ఆ గడ్డ కరిగితే పైపును మోసే స్తంభాలు కుంగిపోతాయి. అందుకే 1970లలో కట్టినప్పుడు ఆ స్తంభాల్లో లక్షకు పైగా హీట్ పైపులు దింపారు. అవి ఉక్కువి, లోపల అమ్మోనియా. వత్తి అక్కర్లేదు, నీటి బొట్టులా అమ్మోనియా తన బరువుకే కిందికి జారుతుంది. చలికాలంలో నేలకన్నా గాలి చల్లన, కాబట్టి అడుగున అమ్మోనియా ఆవిరై పైకి వెళ్లి నేల వేడిని గాలికి వదిలేస్తుంది. ఎండాకాలంలో పైన వేడి, కింద చలి. ద్రవం అడుగునే ఉంటుంది, పైన ఆవిరయ్యేదేమీ లేదు. పని దానంతట అదే ఆగిపోతుంది. స్విచ్చు లేకుండానే చలికాలంలో నేలను గడ్డకట్టించి, వేసవిలో ఆ చలిని కాపాడే యంత్రమది.

ఇక మా అమ్మాయి ల్యాప్‌టాప్. గొట్టం బతికుందో లేదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చెప్పాను. వీడియో కాల్‌లో చూస్తుండగా హీట్‌సింక్ (గొట్టం, రేకులు ఉన్న సెట్టు) విప్పి, ఫ్యాన్ వేరు చేసి, చిప్ మీద కూర్చునే రాగి పలకను గ్లాసుడు వేడినీళ్లలో ముంచి, రెండో కొసన రేకుల మీద వేలు పెట్టమన్నాను. మూడు లెక్కపెట్టేలోపే "అబ్బా" అని వేలు తీసేసింది. చచ్చిపోయిన గొట్టమైతే ఆ కొస చాలాసేపు చల్లగానే ఉండేది.

మరి జబ్బెక్కడ? ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య తడుముకోమన్నాను. బూడిదరంగు దుమ్ము కంబళి ముక్కలా మందంగా పేరుకుని, పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. రాగి గొట్టం వేడిని బుద్ధిగా తెచ్చి రేకుల దగ్గర పెడుతోంది, దాన్ని తీసుకెళ్లడానికి గాలికే దారి లేదు. చిప్‌కూ రాగి పలకకూ మధ్య వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్ట్ కూడా పాత గోడ సున్నంలా ఎండి పగిలింది. తుడిచి, కొత్త పేస్ట్ బఠాణీ గింజంత పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా బిగించమన్నాను. అంతకుముందు 98 డిగ్రీలు చూపించిన పనికే ఇప్పుడు 76 దాటలేదు.

అర్ధరాత్రి మళ్లీ ఫోన్. "పెదనాన్నా, పక్కన చెయ్యి పెడితే వేడిగాలి గట్టిగా కొడుతోంది. ముందు అక్కడ అసలు గాలే తెలిసేది కాదు. ఏమైనా తేడానా?"

తేడా కాదమ్మా, ఇన్నాళ్లూ లోపల ఉండిపోయిన వేడి అదే అన్నాను.